తలుపు లేని విమానం

మా పక్కింటి బాబాయిగారు పోయారు. రెండు వారాల కింద, శుక్రవారం పొద్దున్న, నేను మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. ఆయన వదినగారు, అంటే నేను దొడ్డమ్మగారూ అని పిలిచే ఆవిడ, గోడ అవతల నించి నన్ను పేరు పెట్టి పిలిచారు. ఆ పిలుపులో ఎప్పుడూ ఉండే దబాయింపు లేదు. వెళ్ళి చూస్తే పెరటి గదిలో మంచం మీద ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. స్టూలు మీద ఆవిడ తెచ్చిపెట్టిన కాఫీకి మీగడ కట్టేసింది. నిద్రలోనే అయిపోయిందని డాక్టరు చెప్పి వెళ్ళాడు. యాభై రెండో యాభై మూడో, అంతే.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందురోజు సాయంత్రమే గోడ దగ్గర నిలబడి పావుగంట మాట్లాడారు. ఒంట్లో ఎలాగో ఉందని ఒక్క ముక్క అనొచ్చు కదా? ఆయన ఎప్పుడూ అంతే. మునక్కాడలు ముదిరిపోయాయనీ, మా సందు చివరి కుళాయికి నీళ్ళు రావడం లేదనీ అన్నీ చెబుతారు. చెప్పాల్సింది మాత్రం కడుపులో పెట్టుకుంటారు.

వాళ్ళవాళ్ళు పేపర్లో చిన్న ఫోటో వేయించారు. కింద “ప్రముఖ వర్తకులు” అని ఉంది. ఆయన ప్రముఖుడూ కాదు, వర్తకుడూ కాదు. ఆ రెండు మాటలూ చదివి చదివి ఒళ్ళు మండి, మీకు అసలాయన ఎవరో చెబుదామని ఇది మొదలుపెట్టాను. రాయడం నా పని కాదు, గుడ్డలు కుట్టడం నా పని. వంకరటింకర ఉంటే సర్దుకోండి.

రాజమండ్రిలో మెయిన్ బజారు వెనక సందులో ముందు వాళ్ళ కిరాణా కొట్టు, దాని వెనక ఇల్లు, ఆ వెనక పెరట్లో ఖాళీ గోనెలు పడేసుకునే రేకుల గది. ఆ గది ఆయనది. మా వారు పేపరు మిల్లులో పని చేస్తారు. నేను ఆ సందులోకి కాపురానికి వచ్చేటప్పటికే ఆయన మిలిటరీ నించి వచ్చేసి అయిదారేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. అడిగే చనువు వచ్చాక ఒకసారి అడిగాను. “కట్టుకున్నదానికి అన్నీ చెప్పాలి కదమ్మాయ్” అన్నారు. పెళ్ళాం ఆరాలు తీస్తుందని భయం కాబోలు అనుకుని నవ్వేశాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వుకి సిగ్గేస్తుంది.

ఆయనకి కొన్ని చాదస్తాలు ఉండేవి. లారీ వచ్చి బియ్యం దించేటప్పుడు కూలీలు బస్తాని భుజం మీంచి ధబీమని పడేస్తే ఆయనకి ప్రాణం పోయినంత పనయ్యేది. రెండు చేతులా పట్టుకుని ఆనించి పడుకోబెట్టమనేవారు. బియ్యమా, పసిపిల్లా అని వాళ్ళు ఎగతాళి చేసేవారు. గుమ్మంలో నిలబడేవారు కాదు. అరుగు అంచున కూర్చునేవారు కాదు. బస్సెక్కితే ఎంత రద్దీలో అయినా మధ్యకి దూరిపోయేవారు. పైన విమానం చప్పుడు వినిపిస్తే సందులో అందరం తల పైకెత్తి చూస్తాం, ఆయన నేలవైపు చూసేవారు.

అన్నిటికంటే వింత ఇంకొకటి. కొట్లో సరుకు తూచేవారు, కాగితంలో చుట్టేవారు, పురికొస చుట్టి కట్టాల్సి వచ్చేసరికి అన్నగారి ముందుకి తోసేసేవారు. వాళ్ళ కొట్టు పొట్లానికి మా బజార్లో పేరుంది. ముడి ఎంత బిగువుగా ఉన్నా, కొస పట్టుకుని ఒక్కసారి లాగితే చాలు, మొత్తం విడిపోతుంది. ఇంటికెళ్ళి కత్తెర వెతుక్కోనక్కర్లేదు, పురికొస దాచుకోవచ్చు. వాళ్ళ నాన్నగారి రోజుల నించి వస్తున్న పద్ధతి అది. అన్నగారికి రోజూ ఇదే సతాయింపు, చేతులు పడిపోయాయా, నువ్వే కట్టొచ్చు కదా అని. ఈయన ఇంకో సరుకు తూచడంలో పడేవారు.

ఎస్సెల్సీ తప్పి, నాన్నగారు చంపేస్తారని పారిపోయి సైన్యంలో చేరారట. ఈశాన్యంలో కొండల మీద, రోడ్డు లేని చోట్ల కాపలా ఉండే సిపాయిలకి విమానంలోంచి బియ్యమూ పప్పూ జారవిడిచే పని. ఆ విమానం పేరు డకోటా. ప్రపంచయుద్ధం నాటిదట, మనుషుల్నీ సామాన్లనీ మోయడానికి చేసింది. “నేను విమానాలు నడపలేదమ్మాయ్, బస్తాలు తోశాను” అనేవారు ఎవరైనా గొప్పగా అడిగితే. అంతకు మించి చెప్పేవారు కాదు. ఆయన పక్కన బస్తాలు తోసిన కుర్రాడు మన సముద్రపొడ్డు పల్లెవాడేననీ, అక్కడ తెలుగు మాట్లాడుకోవడానికి వాళ్ళిద్దరే ఉండేవారనీ, ఆ కుర్రాడు విమానంలోంచి పడి చనిపోయాడనీ నాకు పుష్కరాల్లో తెలిసింది. అదీ ఆయన చెబితే కాదు.

పుష్కరాలంటే మా సందు సంగతి చెప్పక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ పదిహేనుమంది చుట్టాలు, రేవు దాకా జనమే జనం. ఓ మధ్యాహ్నం నేను పంచదార కోసం కొట్టు ముందు నిలబడి ఉన్నాను. ముతక నీలం చీర కట్టుకున్న ఒక పెద్దావిడ, వెనకాల కూతురూ మరో నలుగురు తనవాళ్ళూ, అడుగుతూ అడుగుతూ వచ్చి, మిలిటరీలో చేసిన బాబుగారు ఈయనేనా అంది. తను ఫలానా వాడి తల్లినని చెప్పింది. ఆయన చేతిలో తక్కెడ ఉంది. అది అలాగే గాలిలో ఉండిపోయింది.

వాళ్ళవాళ్ళందరూ పుష్కరాల్లో కొడుక్కి పిండం పెట్టమంటున్నారట. పడిపోయాడని కబురొచ్చి పదిహేను పదహారేళ్ళయింది, శవం మాత్రం రాలేదు. కాగితం మీద విధి నిర్వహణలో ప్రమాదం అని ఉందట. ఆ మాట ఆవిడ మనసుకి ఎక్కలేదు. పడవలోంచి పడిపోయినవాళ్ళని ఆవిడ ఎంతమందినో చూసింది, విమానంలోంచి పడడం ఎలా ఉంటుందో ఆవిడ ఊహకి అందలేదు. ఎలా పోయాడో తెలియకుండా పోయాడని ఎలా ఒప్పుకోవడం? కొడుకు ఉత్తరాల్లో రాసిన ఆనవాళ్ళు పట్టుకుని, పక్కనే ఉన్న మనిషి చెబితే నమ్ముతానని వచ్చింది.

“విమానానికి తలుపు ఉండదా బాబూ?” అని అడిగింది.

“ఉంటుందమ్మా. బస్తాలు తొయ్యాలి కదా, ఎక్కేముందే ఊడదీసి కింద పెట్టేస్తాం” అన్నారు.

ఆవిడ తనవాళ్ళ వైపు తిరిగింది. తలుపు ఊడదీసుకుని ఆకాశంలో తిరుగుతారంట, వినండి, అంది. వెటకారం కాదది, హమ్మయ్య అన్నట్టు ఉంది ఆ గొంతు. ఇంత నమ్మరాని మాట చెబుతున్నారంటే అసలు సంగతి ఇంకేదో ఉందని, తన కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడని ఆవిడకి ధైర్యం వచ్చింది. బతికున్న బిడ్డకి పిండం పెట్టిన పాపం నాకొద్దని చెప్పి, స్నానం మాత్రం చేసి, ఊరికి వెళ్ళిపోయింది. ఆయన తక్కెడ కింద పెట్టి లోపలికి వెళ్ళారు. నా పంచదార అన్నగారే తూచారు.

పుష్కరాలు అయిపోయి సందు ఖాళీ అయిన వారానికి, పెరట్లో ఆయన వెదురు బద్దలు చీలుస్తూ కనిపించారు. పంజరమా అండీ అన్నాను. విమానం అన్నారు. ఆవిడకి నోటితో చెబితే ఎక్కదు, చేసి చూపిస్తాను అన్నారు. ఇన్నేళ్ళలో అంత పొడుగు మాట ఆయన దగ్గర నేను విన్లేదు.

నమూనాకి బొమ్మా కొలతలూ ఏమీ లేవు. ఉన్నదల్లా ఒక పాత ఫోటో. అందులో ఎనిమిదిమంది సిపాయిలు విమానం తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, విమానం తలుపు వైపు ఓ మూర మాత్రం కనిపిస్తోంది. తమాషా ఏంటంటే ఆయనకి విమానం లోపల తప్ప బయట తెలీదు. ఎక్కడం, తొయ్యడం, దిగడం. కొలతలన్నీ ఆయన ఒంట్లో ఉన్నాయి. చేతులు బార చాపితే ఈ గోడ తగిలి ఆ గోడ ఎంత దూరంలో ఉండిపోతుందో, తోకవైపు వెళ్తుంటే ఎక్కడ తల వంచాలో, బస్తా భుజాన వేసుకుని ముందునించి తలుపు దాకా ఎన్ని అడుగులో, పెరట్లో కళ్ళు మూసుకుని నడిచి చూసుకునేవారు. దొడ్డమ్మగారు చూసి, మరిదికి గాలి సోకిందని ఆంజనేయస్వామి గుళ్ళో ఆకుపూజ చేయించారు.

నిజం విమానంలో అడుగుకి ఇక్కడ అర అంగుళం అని పెట్టుకున్నారు. అలా చూస్తే ముక్కు నించి తోక దాకా గజానికి కొంచెం తక్కువ, రెక్కలు చాపితే గజానికి అడుగు ఎక్కువ. ముందు నేల చేశారు, టీ పెట్టె చెక్కతో. తరవాత వెదురు బద్దల్ని తడిపి, దీపం సెగన వంచి, పక్కటెముకలు నిలబెట్టారు. అన్నిటికంటే చివర నెయ్యి డబ్బాల రేకు కత్తిరించి పైన తొడిగారు. ఎవరైనా ముందు పైరూపం చేస్తారు కదండీ అంటే, “లోపల సరిగ్గా కుదిరితే బయట దానంతటదే వస్తుందమ్మాయ్” అన్నారు.

రాలేదు. ముక్కు మూడుసార్లు విప్పి కట్టారు. మొదటిసారి పొట్లకాయ, రెండోసారి మా వారు చూసి ఇది డకోటానా పందికొక్కా అన్నారు. ఆయన రేకు ముక్క ఒళ్ళో పెట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఇంజన్లకి బూటుపాలిషు డబ్బాలు పెట్టారు. చక్రాలకి మా వారి పాత హవాయి చెప్పు నేనే కోసిచ్చాను.

బస్తాలు నా వంతు. చిటికెన వేలంత బస్తాలు, ముప్ఫై. ఏదో సంచిలా కుట్టి నూకలు పోసి ఇచ్చేస్తే ఒప్పుకోలేదు. నిజంగా జారవిడిచే బస్తాకి రెండు గోనెలు ఉంటాయట. లోపలిది నిండుగా, బయటిది వదులుగా. కింద పడ్డప్పుడు లోపలిది పగిలినా గింజలు బయటిదాంట్లో నిలుస్తాయి. ఇంత చిన్నవాటికి రెండేసి గోనెలు ఎవరు చూస్తారండీ అని విసుక్కున్నాను. ఆవిడ చూస్తుంది అన్నారు. ముప్ఫైకీ రెండేసి కుట్టాను. సూది గుచ్చుకుని వేళ్ళన్నీ జల్లెడయ్యాయి, ఆయన్ని తిట్టుకుంటూనే కుట్టాను.

తరవాత ఇద్దరు మనుషుల్ని చెక్కారు, చూపుడువేలంత. ఖాకీ పేలికలతో బట్టలు నేను తొడిగాను. ఒకడి కుడి అరచేతికి తెల్ల గుడ్డ చుట్టమన్నారు. ఎందుకంటే, దెబ్బ తగిలింది అన్నారు. ఆ గుడ్డచేతి వాణ్ణి తలుపు పక్కన నిలబెట్టారు. రెండోవాణ్ణి నేల మీద కూర్చోబెట్టి, వీపు వెనక్కి ఆనించి, కాలు చాపి బస్తాకి తన్నిపెట్టారు. నడుముకి తాడు కట్టి రెండో కొస నేలలో ఉన్న రింగుకి కట్టుకుంటారట, పడిపోకుండా. ఆ రింగుకి నా జాకెట్టు హుక్కుల పెట్టెలోంచి హుక్కు తగిలించే తీగ కన్ను ఒకటి తీసిచ్చాను. తాడు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. పురికొస లోంచి ఒక పోగు లాగి, గుడ్డచేతి వాడి నడుముకి చుట్టి, రింగు దగ్గర రెండు వేళ్ళతో అలా తిప్పి ముడేశారు. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది.

అది వాళ్ళ కొట్టు ముడి. నేను గుర్తుపట్టి, పొట్లం కట్టడం మీకు రాదనుకున్నానే, బాగానే వచ్చు కదా, మరి కొట్లో ఎందుకు కట్టరూ అని ఆట పట్టించబోయాను. ఆయన తలెత్తి నన్ను చూశారు. ఆ ముడి కొస పొడుగ్గా మిగిలింది. దాన్ని కత్తిరించకుండా తీసుకెళ్ళి, కాలితో తన్నిపెట్టిన బస్తా కిందకి దోపి, జిగురుతో అంటించారు. నాకెందుకో ఇంక అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచి ఇంటికి వచ్చేశాను.

శివరాత్రి వెళ్ళాక బయల్దేరాం. ఆడమనిషివి తోడు ఉండు, ఆవిడతో నువ్వు మాట్లాడు అని నన్ను రమ్మన్నారు. రెక్కలు ఊడదీసి, అన్నీ పాత చీరల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాం. రామచంద్రపురంలో బస్సు మారేటప్పుడు చీర జారి రేకు తళుక్కుమంది. పక్కనున్న ముసలావిడ ఇది ఏ దేవుడి వాహనమండీ, ఏ గుడికి అని కళ్ళకద్దుకుంది. కాదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు, నాకూ రాలేదు. అక్కడినించి ఇంకో బస్సు, ఆ తరవాత రేవు, పడవ, ఇసకలో నడక. దారంతా ఆయన రెండు ముక్కలు కూడా మాట్లాడలేదు. నేనే వాగుతూ ఉన్నాను.

ఆవిడ వల బాగుచేసుకుంటోంది. “ఆయ్, రండి” అని లేచి, కూతురు చేత చాప వేయించింది. ఆయన మంచినీళ్ళు కూడా తాగకుండా రెక్కలు బిగించడం మొదలుపెట్టారు. చక్రాల మీద పెడితే డకోటా ముక్కు పైకెత్తి, తోక నేలకి ఆనించి కూర్చుంటుంది. గాలిలో అయితే లోపలి నేల సమంగా ఉంటుంది. ఆవిడకి గాలిలో ఉన్నట్టే చూపించాలి. చూరు వాసానికి తాళ్ళు కట్టి, సమంగా వేలాడదీసి, పక్కకి జరిగారు. తలుపు ఉండాల్సిన చోట పెద్ద కంత.

ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగింది. కంత ముందు ఆగింది. వంగి లోపలికి చూసింది. మా వోడెవడు అని అడగలేదు, గుడ్డచేతి వాడి తల మీద వేలు పెట్టింది. ముందురోజు మూటలకి చుట్టే బేలు వైరు కోసుకుని చెయ్యి తెగిందని ఆయన మెల్లిగా చెప్పారు. ఆవిడ వేలు తల మీంచి నడుముకి, నడుము నించి తాడు పట్టుకుని రింగు దగ్గరికి వెళ్ళింది. పుట్టినప్పటి నించి వలలు అల్లిన వేళ్ళు అవి. ముడి దగ్గర ఆగిపోయాయి.

“ఈ ముడి మా వోడు వెయ్యలేదు.”

“లేదమ్మా.”

“తాడు కట్టుకోడం ఆడు నేర్పలేదా మీకు?”

“నేర్పేడమ్మా. రోజూ ఇద్దరికీ ఆడే కట్టేవాడు. ఆ రోజు చెయ్యి తెగి నన్ను కట్టమన్నాడు. చిన్నప్పట్నించీ పొట్లాలు కట్టిన చేతులు. ఆడు నేర్పింది వెయ్యలేదు, మా కొట్టు ముడి వేసేసేయి.”

ఆ తరవాత ఆయన చెప్పింది నేను నా మాటల్లో రాస్తాను, ఆయన మాటల్లో రాయడం నా వల్ల కాదు. నడుం బెల్టు కొక్కేలు విరిగిపోయి, వాళ్ళు తాళ్ళతోనే కట్టుకుంటున్న రోజులవి. విమానం కొండల మధ్య తిరుగుతోంది. ముడి కొస ఒక బస్తా కిందకి వెళ్ళింది, ఎవరూ చూడలేదు. ఇక తొయ్యమని పచ్చదీపం వెలిగింది. ఆయన కాలితో తోశారు. బస్తా వెళ్తూ వెళ్తూ కొస లాగింది. లాగితే విడిపోవడానికే ఆ ముడి. విడిపోయింది. అదే క్షణంలో విమానం ఒక పక్కకి ఒరిగింది. ఆ కుర్రాడు అరవలేదట. తాడు వైపు చూసి, ఈయన వైపు చూశాడట. పై అధికారులు అడిగితే తాడు తెగిందని చెప్పారట ఈయన. పదహారేళ్ళు ఆ మాట మార్చలేదు.

ఆవిడ బస్తా కింద ఉన్న కొసని గోటితో ఊడదీసింది. పట్టుకుని లాగింది. ముడి చప్పున విడిపోయింది, బొమ్మ ముందుకి ఒరిగి కంత అంచుకి తగిలింది. ఆవిడ రెండో చెయ్యి అప్పటికే అక్కడ ఉంది, పట్టుకుంది. నిలబెట్టి, ఆ పోగుతోనే తన ముడి వేసింది. రెండుసార్లు లాగి చూసింది. ఆయన ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డారు. ఇసకలో ఎక్కడో కుక్క మొరుగుతోంది, అది కూడా నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

“కిందోళ్ళకి ఆ బియ్యం అందేయా?” అని అడిగింది చివరికి.

“అందేయమ్మా” అన్నారు.

ఆవిడ తల ఊపి, కూతురి వైపు తిరిగి, ఈ ఏడు పెద్దలకి పెట్టేటప్పుడు అన్నకి కూడా పెట్టాలే అంది. పదహారేళ్ళు ఆ తల్లి పట్టుకున్న ఆశని మేం బస్సులో ఒళ్ళో పెట్టుకొచ్చి తెంపేశాం. ఆయన వంగి ఆవిడ కాళ్ళు ముట్టుకోబోయారు. ఆవిడ కాళ్ళు చీర కిందకి లాక్కుంది. కోపంగా కాదు, అలాగని ప్రేమగానూ కాదు. పొద్దు వాలకముందే రేవు దాటండి బాబూ అని చెప్పింది. క్షమించిందని రాస్తే చదవడానికి మీకు బాగుంటుంది. కానీ నేను అక్కడే ఉన్నాను, అలాంటిదేమీ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన పడవలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారో లేదో తెలీదు. మళ్ళీ రమ్మని ఆవిడ కబురు పెట్టలేదు, ఆయన వెళ్ళలేదు. కొట్లో పొట్లాలు కట్టడం మొదలుపెడతారేమోనని కొన్నాళ్ళు చూశాను. అదీ లేదు. గుమ్మంలో నిలబడడమూ లేదు. నిద్రలో కలవరించడం మాత్రం తగ్గిందని దొడ్డమ్మగారు అన్నారు. ఆకుపూజ మహిమ అని ఆవిడ నమ్మకం. ఆయన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మా వారికి తప్ప. బాబాయిగారు కూడా ఎప్పుడూ మళ్ళీ ఎత్తలేదు. ఒకే ఒకసారి, దీపావళికి కుట్టాల్సిన గుట్టలో మునిగి ఉంటే గోడ మీంచి, “ఆ రోజు నువ్వు రాకపోతే నేను రేవు నించే వెనక్కి వచ్చేసేవాణ్ణి అమ్మాయ్” అన్నారు. నేను చేసిందేముంది, దారి పొడుగునా వాగాను.

నాకు ఆయన వల్ల ఏం ఒరిగిందంటే ఒకటి చెప్పగలను. చేతిలో గుడ్డ పాడైతే, మీరిచ్చిందే తక్కువొచ్చిందండీ అని అబద్ధమాడే అలవాటు నాకు ఉండేది. మా వృత్తిలో అందరం ఆడతాం. ఆ ప్రయాణం తరవాత నా వల్ల కాలేదు. కత్తెర జారింది, నాదే తప్పు అని చెప్పడం నేర్చుకున్నాను. కొంతమంది తిట్టారు, ఇద్దరు మానేశారు. నోటితో చెప్పలేక ఆరు నెలలు రేకులూ వెదుళ్ళూ పట్టుకు కూర్చున్న మనిషిని చూశాక, నోరుండి చెప్పకపోవడం నాకు సిగ్గనిపించింది. ఈ మాట ఆయన ఉండగా ఆయనతో అనాల్సింది. నేనూ ఆయనలాగే చేశాను చూడండి.

పదకొండో రోజు అయ్యాక ఆ కుర్రాడి తల్లికి చెప్పి రావాలనిపించింది. ఉత్తరం ముక్క రాస్తే పోలేదా అన్నారు మా వారు. ఆవిడకి చదువు రాదు, ఆ కబురు ఇంకొకరు చదివి వినిపించడం నాకు ఇష్టం లేదు. అవే బస్సులు, అదే రేవు. ఈసారి ఒళ్ళో ఏమీ లేదు. విమానం చూరు కింద అలాగే వేలాడుతోంది. ఇన్నేళ్ళ ఉప్పుగాలికి రేకంతా తుప్పెక్కి, ఒక రెక్క కిందకి వాలింది. ఆవిడకి చూపు బాగా తగ్గింది. గోడకి ఆనుకుని, ఒళ్ళో వల పెట్టుకుని, తడుముకుంటూ చిరుగులు కలుపుతోంది. నేనెవరో చెప్పి, సంగతి చెప్పాను. ఆవిడ చేతులు ఆగాయి. ఎప్పుడని అడిగింది, చెప్పాను. బాధపడ్డాడా అంది, లేదమ్మా నిద్రలోనే అన్నాను. ఇంక లేచి వచ్చేద్దామని అనుకుంటున్నాను.

“పాడె ఎవరు కట్టేరు?” అంది.

“మా వారే కట్టేరమ్మా.”

“గట్టిగా కట్టేరా?”

గట్టిగానే కట్టేరని చెప్పాను. ఆవిడకి వినిపించిందో లేదోనని మళ్ళీ చెప్పాను. ఆవిడ తల ఊపింది. చేతిలో ఉన్న వల ముడిని రెండు చేతులా లాగి చూసి, మిగిలిన దారాన్ని పంటితో కొరికింది.